వెళ్లొస్తానన్న మాట

ఒకప్పుడు తిమింగలాలకు నీళ్లలోంచి తలెత్తి చూసే అలవాటే లేదు. ఊపిరికి పైకొచ్చినా వీపు మాత్రమే తేలేది. పైన చూడ్డానికేముంది, మంచు తప్ప?

ఆ రోజుల్లో అంటార్కిటికా ఒడ్డున ఒక పరిశోధన కేంద్రం ఉండేది. పెంగ్విన్లనూ సీళ్లనూ చూడటానికి వచ్చే శాస్త్రవేత్తలను చిన్న పడవలో తిప్పేవాడు గంగులు. పుట్టింది శ్రీకాకుళం తీరంలో.

అక్కడో తిమింగలం పిల్లకు ఆ పడవంటే ప్రాణం. గంగులు తెడ్డుతో వీపు గోకితే, "ఇంకాస్త కిందకి మావయ్యా" అనేది.

"నీ వీపు గోకడానికే నాకు జీతమిస్తున్నారనుకున్నావా" అని విసుక్కుంటూనే గోకేవాడు.

చలికాలం దగ్గరపడింది. ఇక పడవను ఒడ్డుకు లాగేయాలి. గంగులు పిల్ల వీపు తట్టి, "వెళ్లొస్తానమ్మా" అన్నాడు.

మనమంతా అలాగే అంటాం కదా. ఉత్త "వెళ్తాను" అనకూడదని గంగులుకు వాళ్ల నాయనమ్మ నేర్పింది. పాపం, ఆ సంగతి పిల్లకేం తెలుసు? వస్తానన్నాడు కాబట్టి వస్తాడనుకుంది.

నీళ్లు గడ్డకట్టసాగాయి. తిమింగలాలన్నీ వెచ్చని సముద్రాలకు బయల్దేరాయి. "పదవే తల్లీ, మంచు మూసుకుపోతే ఊపిరికి సందు కూడా దొరకదు" అని అమ్మ బతిమాలింది.

"మావయ్య వస్తానన్నాడు" అని పిల్ల ఒకటే పట్టు. దాన్ని వదల్లేక అమ్మా ఉండిపోయింది.

ఇది చూడలేక ఓ పెంగ్విన్ అవ్వ ఊగుతూ కేంద్రం గుమ్మం దాకా నడిచొచ్చింది. "ఏమయ్యా, నువ్విక్కడ వేడివేడిగా చారన్నం తింటున్నావు. అక్కడ నీ మాట పట్టుకుని తల్లీపిల్లా చచ్చేలా ఉన్నారు" అని దులిపేసింది.

గంగులు చారన్నం అక్కడే వదిలేసి లేచాడు. పడవ దించి, మంచు పలకలను తెడ్డుతో తోసుకుంటూ వెళ్లాడు. పిల్ల వీపు మీద చెయ్యి వేశాడు. "నేనిక రాను, పో" అందామనుకున్నాడు. నోరు రాలేదు. బుద్ధెరిగాక ఆ మాట ఎవరితోనూ అన్నవాడు కాదు మరి.

కళ్లు తుడుచుకుని, "నువ్వూ వెళ్లిరా తల్లీ" అన్నాడు.

పిల్ల పడవ పక్కకు జరిగింది. "అంటే, వెళ్లినా మళ్లీ రావచ్చా?"

"వచ్చేవాళ్లే అలా అని వెళ్తారు."

"అయితే వెళ్లొస్తా మావయ్యా" అని పిల్ల తోక తిప్పింది. తల్లీపిల్లా దాటిన కాసేపటికే వెనక మంచు మూసుకుంది.

ఎండాకాలం రాగానే పిల్ల తిరిగొచ్చింది. నీళ్లమీద పడవ ఉంది. కిందనుంచి చూస్తే ఏ పడవైనా ఒకటే. అందులో ఉన్నది మావయ్యో కాదో ఎలా తెలుస్తుంది? నిటారుగా లేచి, నీళ్ల పైకి తలెత్తి చూసింది. తెడ్డు పట్టుకుని గంగులే కూర్చుని ఉన్నాడు.

"వచ్చావా" అన్నాడు.

"వస్తానన్నాగా" అంది.

దాన్ని చూసి మిగతా తిమింగలాలూ తలెత్తడం నేర్చుకున్నాయి. ఏటా వెళ్లి వస్తూనే ఉన్నాయి. గంగులు పోయి ఎన్నేళ్లయిందో వాటికి తెలియదు. చిన్న పడవ కనిపిస్తే చాలు, మావయ్య వచ్చాడేమోనని ఇప్పటికీ తలెత్తి చూస్తాయి.