దండోరా వేయించమన్న ఆచార్యులు

అచ్చుయంత్రాలు కొత్తగా వచ్చిన రోజుల్లో చింతలదుర్గమని ఒక సంస్థానం ఉండేది. అక్కడ ముడుంబి శ్రీరంగాచార్యులు అనే ఆయన పత్రికలో వారం వారం ఒక కథ రాసేవాడు. బొమ్మలూ తనే గీసేవాడు. కథంతా గొప్పవాళ్ల డాబుసరి మీద ఎగతాళి. అందులో దర్జారాయుడనే ప్రభువు భోజనానికి లేచినా బూరా ఊదించుకుంటాడు.

చిక్కేమిటంటే, చింతలదుర్గం రాజా నరసభూపతి కూడా అదే పని చేసేవాడు.

పత్రిక చదివి రాజు మండిపడ్డాడు. మూడు రోజుల్లో పొలిమేర దాటాలని ఆచార్యులకు కబురు పంపాడు.

ఆచార్యులకు కాలు నిలవలేదు. భార్య చూడమ్మ ఏడాదిగా మంచం మీద ఉంది. మతి నిలకడగా లేదు. కొత్త చోటు చూస్తే హడలిపోతుంది. ఆవిణ్ణి బండిలో వేసుకుని ఎక్కడికని పోవడం? వీధిగుమ్మం దాకా వెళ్లేవాడు, తిరిగొచ్చేవాడు. క్షమాపణ రాయబోయి నాలుగుసార్లు చించేశాడు. రాసింది అబద్ధమని ఒప్పుకోవడానికి చెయ్యి రాలేదు.

మూడో రోజు పొద్దున్నే కొలువుకు వెళ్లాడు.

వెళ్లిపోవడానికి అభ్యంతరం లేదనీ, కాకపోతే ఆనవాయితీ ప్రకారం తన నేరమేమిటో రాయించి, రాజముద్ర వేసి, వీధివీధినా దండోరా వేయించాలనీ మనవి చేసుకున్నాడు.

"దానికేం, నువ్వే చెప్పి రాయించు," అన్నాడు రాజు.

ఆచార్యులు రాయసకాడి పక్కన నిలబడి రాజుగారి మాటగా మెల్లిగా చెప్పాడు: "బూరా ఊదనిదే అన్నం ముట్టని దర్జారాయుడు మరెవరో కాదు, సాక్షాత్తూ మేమే. ఆ సంగతి బయటపెట్టినందుకు ఇతనికి ఈ శిక్ష."

రాయసకాడి కలం ఆగిపోయింది.

"ఇది దండోరా వేస్తే?" అన్నాడు రాజు.

"చదవడం రానివాళ్లకి కూడా తెలుస్తుంది, మహాప్రభూ."

రాజు మీసం కొరుక్కున్నాడు, కాగితం వైపు చూశాడు, మళ్లీ ఆచార్యుల వైపు చూశాడు. చివరికి రాజు బొజ్జ కదిలింది. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు. దాంతో కొలువంతా విరగబడి నవ్వింది. ఇన్నాళ్లూ బిగబట్టుకున్న నవ్వు మరి.

రాజు కాగితం చింపించాడు. తన శాలువా తీసి ఆచార్యులకు కప్పాడు. చూడమ్మ జబ్బు సంగతి తెలుసుకుని, ఆవిణ్ణి చూసి రమ్మని ఆస్థాన వైద్యుణ్ణి పంపాడు.

"కథ మాత్రం ఆపకు, ఆచార్లూ," అన్నాడు. "కానీ దర్జారాయుడొక్కడే అయితే రక్తి కట్టడంలేదు. వచ్చే వారం నుంచి అతని కొలువులోవాళ్లని కూడా రాయి."

కొలువులో నవ్వు ఠక్కున ఆగిపోయింది.