నెమలి కట్టిన మంచె

మద్దిగుంట అడవిలో ఒక నెమలి, ఒక తాబేలు, ఒక ఉడుత, ఒక గుడ్లగూబ, ఒక ముళ్లపంది కలిసి బతికేవి. ఒక ఏడు ఆ అడవిలో వెదురు పూసింది. వెదురు ఏటా పూయదు పిల్లలూ! ఎప్పుడో ఒకసారి పూస్తుంది. పూసిందంటే వడ్లలాంటి గింజలు కుప్పలుగా రాలతాయి. వాటి పొట్టు తీస్తే వచ్చేదే వెదురు బియ్యం.

"ఈ గింజలు బాగుచేసి తొర్రలో దాచుకుంటే వానాకాలమంతా మన పిల్లలకు తిండికి లోటుండదు. కానీ తడి తగిలిందా, బూజు పట్టిపోతాయి. పెద్దవానలు రాకముందే పని అయిపోవాలి," అంది తాబేలు.

అందరూ పని పంచుకున్నారు. ముళ్లపంది తన ముళ్లతో గింజలను పలచగా నెరిపి ఆరబెట్టాలి. తాబేలు వాటిని తొక్కి పొట్టు తీయాలి. గుడ్లగూబ పురుగులు ఏరాలి. ఉడుత తొర్రకు చేరవేయాలి. పనిచేసే చోటు మాత్రం నేనే కడతానని నెమలి ముందుకొచ్చింది.

అది పైకప్పు వేసి ఎత్తయిన మంచె కట్టింది. తన తోకకు మట్టి అంటకూడదు కదా, అందుకే అంత ఎత్తు! దారిన పోయేవాళ్లు చూసి మెచ్చుకోవాలని ఒక పక్క తడిక కట్టకుండా వదిలేసింది. అందరికీ ఒకే వరుసలో ఒకే కొలత పీటలు వేసింది. చుట్టూ పూలతీగలు అల్లింది.

"ఎలా ఉంది నా మంచె?" అని పురివిప్పి అడిగింది.

"చూడ్డానికైతే బ్రహ్మాండంగా ఉంది," అంది ఉడుత.

తెల్లవారి పని మొదలైంది. తాబేలును పైకి ఎక్కించేసరికే అందరికీ ఆయాసం వచ్చింది. పొద్దు పొడవగానే తడిక లేని పక్క నుంచి ఎండ తిన్నగా గుడ్లగూబ కళ్లలో పడింది.

"నెమలయ్యా, పురుగేదో గింజేదో తెలియడం లేదు," అంది గుడ్లగూబ.

"పగలు నీకు కళ్లు కనబడకపోతే అది నా మంచె తప్పా?"

ఇంతలో ఉడుత "అబ్బా!" అని ఎగిరి పడింది. "సూదమ్మక్కా, మళ్లీ గుచ్చావు!"

ముళ్లపందిని అందరూ సూదమ్మ అనేవారు. "నన్నేం చేయమంటావే? జరుగుదామంటే జాగా ఏదీ?" అంది సూదమ్మ.

నెమలికి కోపం వచ్చింది. "ఇంత చక్కటి చోటిస్తే కూర్చోవడం కూడా రాదా నీకు? దిగు, దిగు! నీ వల్ల వరుసే చెడిపోయింది."

సూదమ్మ దిగి వెళ్లి, నేరేడు చెట్టు పక్కనున్న బండ మీద కొన్ని గింజలు పోసుకుని నెరపసాగింది.

ఆ సాయంత్రం జల్లు కురిసింది. తడిక లేని పక్క నుంచి ఏటవాలుగా కొట్టి మంచె మీది గింజలన్నీ తడిపేసింది. బండ మీద సూదమ్మ పోసుకున్నవీ తడిశాయి. నెమలి తోక తడిసి చీపురుకట్టలా అతుక్కుపోయింది. పిల్లల తిండి పోయినట్టేనని అందరూ దిగులు పడ్డారు.

తాబేలు కళ్లనీళ్లతో సూదమ్మ దగ్గరికి వచ్చింది.

"ఏడిస్తే గింజలు ఆరతాయా తాతా? ముందు ఇది చెప్పు, నీకు ఎక్కడైతే పని హాయిగా సాగుతుంది?" అంది సూదమ్మ.

తాబేలు తెల్లబోయింది. "ఈ మాట నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా! నేల మీద చాలు నాకు. ఎక్కడం దిగడం లేకపోతే పొద్దుగూకేదాకా తొక్కుతాను."

"నాకు నీడ కావాలి," అంది తాబేలు వెనకే ఉడుతతో కలిసి వచ్చిన గుడ్లగూబ.

"నాకు నీకు దూరంగా కావాలి అక్కా!" అంది ఉడుత. సూదమ్మతో సహా అందరూ పకపకా నవ్వారు.

మర్నాడు తడి గింజలన్నీ బండ మీదికి దించారు. ముళ్లు విప్పుకునేంత జాగాలో సూదమ్మ ఎండకు నెరిపింది. తాబేలు నేల మీద తొక్కింది. పొదచాటు చీకట్లో గుడ్లగూబ ఒక్క పురుగునూ వదల్లేదు. తొర్రదాకా ఉడుతకు అడ్డులేని దారి దొరికింది.

మంచె మీద నెమలి ఒక్కటే మిగిలింది. సూదమ్మ అక్కడికీ వెళ్లింది.

"నెమలయ్యా, నీకు ఎక్కడ హాయిగా ఉంటుంది?"

నెమలి తల దించుకుంది. "నిన్ను దింపేసిన నన్ను కూడా అడుగుతున్నావా?"

"నీ పిల్లలూ తినాలి కదయ్యా."

"ఎత్తయిన కొమ్మ మీద... అక్కడి నుంచి మబ్బు ఎక్కడ పుట్టినా కనబడుతుంది."

"అయితే మబ్బును చూసి కేకవేసే పని నీదే!"

ఒక మధ్యాహ్నం నెమలి గొంతెత్తి అరిచింది. అందరూ పరుగులు పెట్టి మిగిలిన గింజలన్నీ తొర్రలో పోసి మూత పెట్టారు. అంతలోనే పెద్దవాన దిగింది. మంచె కూలిపోయింది. తొర్రలో గింజ మాత్రం తడవలేదు. బయట వాన హోరుమంటుంటే లోపల పిల్లలు కడుపునిండా తిన్నారు.

"నీ చలవే తల్లీ ఇదంతా," అంది తాబేలు.

"అలా అనకు తాతా. గుచ్చుకుంటానని ఇదివరకు ఎవరూ నాతో కలిసి పనిచేసేవారే కాదు. నాకూ ఒక చోటుందని చూపించారు మీరు. నేనే మీకు దండం పెట్టాలి," అంది సూదమ్మ.

వానలు తగ్గాక నెమలి తోక ఈకలు రాలాయి. వాటిలో అన్నిటికన్నా పొడవైనదాన్ని అది ముక్కున కరచుకుని వెళ్లి, సూదమ్మ బొరియ ముందు మెత్తటి మట్టిలో నిలబెట్టి వచ్చింది.

నీతి: పనిచేసే చోటు కట్టేవారు తమ కంటికి నచ్చిందా అని కాదు, అక్కడ కూర్చునేవారి ఒంటికి నప్పిందా అని చూసుకోవాలి. ఆ సంగతి వాళ్లనే అడిగి తెలుసుకోవాలి.