గుంటలో నిలిచిన కొండ

అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఆయన రాజ్యంలో ధాన్యానికి కొదువ లేదు, నీటికి కొదువ లేదు, నిద్రకే కరవు. పసిపిల్లలు ఉయ్యాలలో కన్నులు తెరచుకొని పడి ఉండేవారు. కావలివారు ఈటెలను ఆనుకొని తూలేవారు. ఎద్దులు కాడి కిందనే మోకరిల్లేవి. అందరికీ అలసటే, ఎవరికీ కునుకు లేదు. జటాధూముడనే మాంత్రికుడు ఆ రాజ్యపు నిద్రతో పాటు లోకపు నిద్రనంతా ఒక తోలుసంచిలోకి పీల్చుకొన్నాడు, నాయనలారా.

పోతూ పోతూ వాడు సభలో నిలిచి పకపక నవ్వాడు.

"నా ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక లోకంలోకెల్ల పొడవైన కొండ మీద ఉంది. ఆ కొండను పాదం నుంచి శిఖరం దాకా ఎక్కినవానికే అది కనబడుతుంది. చేతనైతే ఎక్కండి!"

రాజు వీరభానుడు వృద్ధుడు. నిద్ర లేక ఎముకల గూడైపోయాడు. "పున్నమి దాటితే మహారాజు మనకు దక్కరు" అని వైద్యులు తలలు వంచుకొని చెప్పారు.

ఆ రాజునకు ముగ్గురు కొడుకులు: ఉదగ్రుడు, మణికేతుడు, సుశ్రవుడు. ప్రతి ఉగాదినాడూ రాజు వారిని కొలువుకూటపు స్తంభానికి ఆనించి నిలబెట్టి, తలకు సరిగా బొగ్గుతో గీత గీసేవాడు. స్తంభానికి ఎవరి వైపు వారిదే. చిన్నవాడైన సుశ్రవుని గీత ఎప్పుడూ అన్నల గీతలకు కిందనే ఉండేది. "పొట్టి సుశ్రవా, నీకు పువ్వు కోయాలన్నా నిచ్చెన కావాలిరా!" అని అన్నలు ఏడిపించేవారు.

మొదట ఉదగ్రుడు బయలుదేరాడు. "సముద్రపు నీటిమట్టం నుంచి కొలిస్తే మంచుకొండకు మించినది లేదు" అన్నాడు. ఎక్కాడు, ఎక్కాడు, శిఖరం చేరాడు. చిలుక లేదు. ఒక హంస ఎగురుతూ, "రాకుమారా, లోకంలో దీని తలకన్న పైన మరొక తల లేదు. కాని ఇది ఎత్తైన పీఠభూమి మీద నిలబడింది. దీని ఒళ్లు నీవనుకొన్నంత పొడవు కాదు" అన్నది.

తరువాత మణికేతుడు బయలుదేరాడు. "భూమి నడిబొడ్డు నుంచి కొలవాలి. చుక్కలకు దగ్గరైనదే పొడవైనది" అన్నాడు. నిప్పుకొండను ఎక్కాడు, ఎక్కాడు, శిఖరం చేరాడు. అక్కడా చిలుక లేదు. ఒక రాబందు రెక్క విదిల్చి, "చుక్కలకు ఇదే దగ్గర, నిజమే. కాని భూమి బొజ్జ ఉబ్బిన చోట ఎక్కి కూర్చున్నది. ఆ గొప్ప బొజ్జదే, కొండది కాదు" అన్నది.

ఇద్దరూ కాళ్లీడ్చుకొంటూ తిరిగివచ్చారు. సుశ్రవుడు వారి మాటలు విని, నీరసంగా స్తంభం తన వైపున చేరగిలబడ్డాడు. చూరునుంచి కారిన వాననీరు అతని పాదాల చుట్టూ నిలిచింది. అతడు కిందికి చూశాడు. అన్నలు నిలిచే వైపు నేల పొడిగా ఉంది. ఒకరి వైపు సింహాసనపు అరుగు, మరొకరి వైపు ఉబ్బిన బండ. తన వైపు గుంట!

"నాయనగారూ! మనం తలల దగ్గరే చూశాం, మడమల దగ్గర చూడలేదు. అరుగు మీద నిలిచిన కొండ ఒకటి, ఉబ్బు మీద నిలిచిన కొండ ఒకటి. గుంటలో నిలిచినది ఏది?"

"గుంట అంటే?" అన్నాడు రాజు, రెప్పలెత్తలేక.

"సముద్రం, నాయనగారూ. ఏడవ సముద్రం నడుమ ఒక తిప్ప ఉన్నదట."

"ఆ పుట్టంత తిప్పా?" అని మణికేతుడు నవ్వబోయి ఆవులించాడు. "నిద్ర లేక వీనికి మతి పోయింది!"

సుశ్రవుడు పడవ ఎక్కాడు. ఉప్పుసముద్రంలో కన్నులు మండాయి. చెరకురసపు సముద్రంలో తెడ్డు అంటుకొన్నది. పెరుగుసముద్రంలో పడవ కదలనన్నది. ఆ తరువాతివి ఎలా దాటాడో అతనికే తెలియదు. ఏడవ సముద్రంలో వలలో చిక్కిన ముసలి తాబేలును విడిపించాడు.

"ఆ తిప్ప మీద దింపమంటావా?" అన్నది తాబేలు.

"వద్దు తాతా. పాదం దగ్గర దింపు."

"ఇంతకాలానికి ఒకడు సరిగా అడిగాడు!" అని తాబేలు అతని నాలుక కింద ఒక ముత్యం ఉంచింది. అది ఉన్నంతవరకు నీటిలో ఊపిరి ఆడుతుంది.

కడలి అడుగున చీకటి. అక్కడినుంచి సుశ్రవుడు ఎక్కాడు. కాళ్లు బరువెక్కాయి, ఎక్కాడు. చేతులు చీరుకుపోయాయి, ఎక్కాడు. ఆగాలనిపించింది, తండ్రి ముఖం తలచుకొని ఎక్కాడు. కడకు తల నీటిపైకి వచ్చింది. మిగిలినది పుట్టంత తిప్పే. దానిని పాకుతూ ఎక్కాడు.

శిఖరాన బంగారుపంజరం కనబడింది. అందులో చిలుక. పక్కన ఒక రాజకన్య, బొంగురుపోయిన గొంతుతో దానికి కథ చెబుతున్నది.

"ఈ పాటి తిప్ప ఎక్కడానికే ఇంత ఆయాసమా?" అని నవ్వింది ఆమె.

"నేను కింది నుంచి ఎక్కాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నా పేరు నీలోత్పల. ఈ చిలుక నిద్రపోతే మాంత్రికుడు చస్తాడు. అందుకే లోకపు నిద్రను దోచాడు, దీన్ని మేల్కొలిపి ఉంచడానికి నన్ను తెచ్చాడు. కథలన్నీ అయిపోయాయి. నాకిక మాట రావడం లేదు."

అంతలో జటాధూముడు ఎదుట నిలిచాడు. సుశ్రవుని వాలిన కన్నులు చూసి గొంతు మెత్తబరిచాడు. "పాపం, ఎంత అలసిపోయావు! వెళ్లిపో. నీ ఒక్కనికే చిటికెడు నిద్ర ఇస్తాను. హాయిగా పడుకో."

ఎంత తీయని మాట! సుశ్రవుని ఒళ్లంతా ఆ చిటికెడు కోసం అలమటించింది. "ఇవ్వు" అంటూ దోసిలి పట్టాడు.

మాంత్రికుడు సంచి విప్పి చిటికెడు నిద్ర పోశాడు. సుశ్రవుడు దానిని తన కన్నులకు అద్దుకోలేదు. పంజరంలో చల్లి, ఉత్తరీయాన్ని దానిపై కప్పివేశాడు. లోపల చీకటి పడింది. చిలుక మెడ వాల్చి, ముక్కు రెక్కలో దాచుకొన్నది.

"కప్పు తీయి!" అని అరవబోయిన మాంత్రికుడు ఆవులించాడు. అదే వాని కడపటి ఆవులింత.

విడిన సంచినుంచి నిద్ర చల్లగాలివలె ఏడు సముద్రాలూ దాటింది. సుశ్రవుడూ నీలోత్పలా తాబేలు వీపు మీద నిద్రపోతూనే ఊరు చేరారు. చూస్తే వీధులనిండా గురకలే. రాజు పున్నమివెన్నెలలో పసివానివలె నిదురిస్తున్నాడు. పురోహితుడు మేలుకొనక మొదటి ముహూర్తం తప్పిపోయింది. రెండవ దానికి వారి పెండ్లి జరిగింది.

ఆ ఉగాదికి రాజు కొడుకులను బయటి చదునునేలపై నిలబెట్టి కొలిచాడు. అన్నలు తలలు గోక్కొన్నారు. అందరికన్న పొడవైన సుశ్రవుడు చిరకాలం రాజ్యమేలాడు. అతని ఏలుబడిలో దీపం వెలిగించిన కాసేపటికే ఇంటింటా రెప్పలు వాలేవి. మీ రెప్పలూ వాలుతున్నాయి. పడుకోండి, నాయనలారా.