ఓబక్క మూడో పిడికిలి

అనగా అనగా ఒక ఊరు. ఎప్పుడని అడగొద్దు, నాకు చెప్పినవాళ్ళకూ తెలియదు. ఆ ఊరి పేరు పోయింది. ఆ ఊళ్ళో ఉన్న ఓబక్క పేరు మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో చెబుతాను.

ఓబక్కకు మొగుడు లేడు, పిల్లలు లేరు, జానెడు నేల లేదు. తమ్ముడు పుల్లన్న ఇంట్లో ఉండేది. పుల్లన్నకు నాలుగెకరాల మెట్ట చేను, భార్య సుంకమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. చేలో కొర్ర పండేది. అందరూ తిన్నాక ఓబక్క తినేది. కుండ అడుగున మిగిలితే అదే చాలనేది.

ఒక ఏడు వాన రాలేదు. మేత పోయింది. రెండో ఏడు వాన రాలేదు. ఎద్దులు పోయాయి. మూడో ఏడూ వాన రాలేదు. విత్తనానికి దాచిన గింజలు కూడా పొయ్యెక్కాయి.

అప్పుడు ఊరు చీమల మీద పడింది. పంటలు పండిన రోజుల్లో చేలల్లో రాలిన గింజల్ని చీమలు మోసుకుపోయి నేల లోపల దాచుకుంటాయి. జనం పలుగులతో ఆ కన్నాలు తవ్వి, మట్టి చెరిగి, గింజలు ఇంటికి తెచ్చుకునేవాళ్ళు.

ఓబక్కా తవ్వేది. కానీ పలుగు వాడేది కాదు. అరిగిన కొడవలితో కన్నం పక్కనుంచి మెల్లగా తవ్వేది. గింజలు చెరిగి పిడికిళ్ళతో కొలిచేది. ఒక పిడికిలి ఇంటికి. రెండో పిడికిలి ఇంటికి. మూడో పిడికిలి మళ్ళీ కన్నంలో పోసి మన్ను కప్పేది. మళ్ళీ కొలిచినా అంతే. రెండు ఇంటికి, మూడోది కన్నానికి.

దారిలో ఎదురైన ఆడవాళ్ళు, ఈరోజు ఏ చీమకు పురుడు పోసొచ్చావని అడిగేవాళ్ళు. ఓబక్క నవ్వి ఊరుకునేది. సుంకమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. చిన్నపిల్లకు ఆకలితో కాళ్ళు ఉబ్బాయి.

"వదినా, నువ్వు నా పిల్లలకు మేనత్తవా, చీమలకు మేనత్తవా?" అంది ఒకరోజు.

"ఇద్దరికీ," అంది ఓబక్క.

ఆ రోజు నుంచి తన గంజిలో సగం చిన్నపిల్లకు పోసేది. మూడో పిడికిలి మాత్రం మానలేదు.

ఊళ్ళో కన్నాలు ఖాళీ అయిన రోజుల్లో పడమట మబ్బు లేచింది. పుల్లన్న మబ్బును చూసి మూటలు కట్టమన్నాడు. వాన పడినా విత్తడానికి గింజ లేదు. తెల్లారి బయలుదేరితే ఎనిమిది రోజుల నడకలో గంజి పోసే ఊరు ఉందట. చిన్నపిల్ల నడవగలదా అని సుంకమ్మ అడగలేదు. పుల్లన్న చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

ఓబక్క మూట కట్టలేదు. చీమల గింజ విత్తుదామంది.

పుల్లన్న తల అడ్డంగా ఊపాడు. చీమ మొలకను కొరికి గింజ దాస్తుంది, ఆ గింజ మొలవదు. ఇది ఆ ఊళ్ళో పిల్లలకూ తెలుసు. అందుకే చీమల గింజలో ఒక్కటి కూడా ఎవరూ విత్తనానికి ఉంచలేదు. తెచ్చింది తెచ్చినట్టు తినేశారు.

"చీమ ఎప్పుడు కొరుకుతుంది రా?" అని అడిగింది ఓబక్క.

"తడి తగిలి మొలక వచ్చేటప్పుడు."

"మూడేళ్ళుగా తడి ఎక్కడిది?"

ఓబక్క కొంగున కట్టిన తడిగుడ్డ విప్పింది. మూడు రోజుల కింద అందులో చిటికెడు చీమల గింజ పెట్టింది. గింజ గింజకూ సూదిమొనంత తెల్లటి మొలక ఉంది. సుంకమ్మ ఆ గుడ్డను గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకుపోయి చూసింది. తర్వాత కట్టిన మూటలు విప్పింది.

ఊరు తవ్విన కన్నాల్లో గింజ లేదు. చీమలూ లేవు, వలస పోయాయి. ఓబక్క తవ్విన కన్నాల్లో గింజ ఉంది, చీమలూ ఉన్నాయి. తవ్వకముందే వాన పడితే గింజ తడుస్తుంది, చీమలు కొరుకుతాయి. కాబట్టి తెల్లవారగానే నలుగురూ చేలకు పరుగెత్తారు. చిన్నపిల్లను పుల్లన్న ఎత్తుకున్నాడు. మొదటి కన్నం తవ్వారు, మబ్బు సగం ఆకాశం కమ్మింది. ఒక్కో కన్నం తవ్వుతూ పోయారు, గాలి లేచింది. చివరి కన్నం దగ్గరికి వచ్చేసరికి మట్టి వాసన వచ్చింది. దూరాన వాన పడుతోంది.

చివరి కన్నం గింజలు సుంకమ్మ కొలిచింది. ఒక పిడికిలి బుట్టలో పోసింది. రెండో పిడికిలి బుట్టలో పోసింది. మూడో పిడికిలి పట్టుకుని ఆగింది. మబ్బును చూసింది, చిన్నపిల్ల కాళ్ళు చూసింది.

సుంకమ్మ వంగి ఆ పిడికిలి కన్నంలో పోసింది.

"మీ మేనత్త ఇచ్చింది. తినండి," అంది.

వాన పడింది. ఎద్దులు లేవు కాబట్టి పుల్లన్న, పక్కింటి ఇద్దరు మగవాళ్ళు విత్తే గొర్రు లాగారు. ఓబక్క వెనక నడుస్తూ గింజ జారవిడిచింది. ఐదో రోజుకు చాళ్ళు పచ్చగా కనిపించాయి. పంట వచ్చేదాకా ఆకూ అలమూ తిన్నారు. ఊరు విడవలేదు. కోత అయ్యాక ఇంటింటికీ విత్తనం ఇచ్చారు. చిన్నపిల్ల లేచి నడిచింది.

ఓబక్క ఆ పంట చూసింది. ఆ తర్వాతి పంటా చూసింది. మూడో పంట కోతకు ముందు పోయింది. ఆమెకు గుడి కట్టలేదు, రాయి పాతలేదు.

కానీ ఆ వైపు చేలల్లో ఇప్పటికీ విత్తే రోజున ఆడవాళ్ళు రెండు పిడికిళ్ళు గొర్రుకు పోసి, మూడోది చీమల కన్నం దగ్గర పోస్తారు. అది ఎవరికని పిల్లలు అడుగుతారు.

"చీమలకు. వాళ్ళ మేనత్త ఓబక్క ఇమ్మంది," అంటారు.