పోలమ్మ ముద్ర కింద ఎనిమిదో వరుస

అనగనగా కొండ వెనక ఒక అడవి. ఆ అడవిలో పోలమ్మ అనే ముసలి ముళ్లపంది ఉండేది. పోలమ్మకు చదువు రాదు. లెక్క మాత్రం బాగా వచ్చు. తనకు అన్యాయం చేసినవాళ్లను చచ్చేదాకా మరిచిపోదు.

ముసురు పట్టాక తవ్వే ఓపిక ఉండదని, పోలమ్మ చలికాలంలోనే ముప్పై దుంపలు తవ్వి, ఎండబెట్టి, పందికొక్కు కొట్టులో దాచింది. అడవిలో అందరూ తిండి దాచుకునేది అక్కడే. షరతులన్నీ తాటాకు మీద రాసి, కింద పంజా ముద్ర వేయించుకుంటారు.

పోలమ్మ తన ఆకును మూడుసార్లు చదివించుకుంది. మొత్తం ఏడు వరుసలు. ఏడో వరుసకు ఆనించి, చీమ దూరే సందు కూడా లేకుండా, మసి పూసిన పంజా అద్దింది.

"కింద బోలెడు చోటుంటే అంత ఇరుగ్గా వేశావేం అవ్వా?" అని గుమాస్తా ఉడుత నవ్వింది.

"మా అమ్మ ఇలాగే వేసేది. నీకేం నొప్పి?" అంది పోలమ్మ. ఈ ఉడుత తాత ఒకప్పుడు తన దుంప ఎత్తుకుపోయాడు. ఆ సంగతి ఆమెకు ఇంకా గుర్తే.

ఎండల్లో నాలుగు దుంపలు తీసుకుని తిన్నది. మిగిలిన ఇరవై ఆరూ ముసురు రోజులకు, రోజుకొకటి చొప్పున.

తొలివాన పడగానే కొట్టుకు వెళ్లి సంచి విప్పించింది. లోపల పద్నాలుగే ఉన్నాయి.

"మిగతా పన్నెండు ఏవిరా?" అని అడిగింది.

"ముప్పై కంటే తగ్గాయి కదా అవ్వా. నిల్వ తగ్గితే అమావాస్యకు మూడు దుంపలు జరిమానా. జరిమానా పడిందని నీకు కబురు పెట్టినందుకు ప్రతిసారీ ఇంకొకటి. మూడు అమావాస్యలకు పన్నెండు" అంది ఉడుత.

"నాకు ఏ కబురూ రాలేదే."

"పెట్టినట్టు రాసుంది."

"అయితే నా ఆకు తీసి చూపించు."

"ఆకులు బయటికి తియ్యకూడదు."

వెనక నిలబడ్డ కుందేలు మెల్లగా అంది: "ఊరుకో అవ్వా. నావీ రేగుపళ్లు సగం పోయాయి. వీళ్లతో ఎవరు పెట్టుకుంటారు?"

"నువ్వు ఊరుకున్నావు కాబట్టే వీళ్లు ఇంత బలిశారు" అని పోలమ్మ తిన్నగా పందికొక్కు గదిలోకి వెళ్లింది.

పందికొక్కు దూది పరుపు మీద నుంచి లేవనైనా లేదు. ఆరు దుంపలు తీసి ముందు పెట్టింది. "ముసలిదానివి, జాలిపడి సగం ఇస్తున్నాను. ఇక ఈ మాట ఎత్తనని ఇక్కడ ముద్ర వెయ్యి."

పోలమ్మ ఆ దుంపల వైపు చూసింది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. పద్నాలుగూ ఆరూ ఇరవై. చివరి ఆరు రోజులూ పస్తుండి ఎలాగో గడిపేయవచ్చు.

"జాలి నీ దగ్గరే ఉంచుకో. నావి పన్నెండు" అంది.

"అయితే అవతలి ఒడ్డున అడవిదున్నకు చెప్పుకో. ఏరు పొంగింది, చూసి దాటు" అని పందికొక్కు ఆవలించింది.

అడవిలో తగువులు తీర్చేది ఆ అడవిదున్నే. పోలమ్మ ఏట్లో దిగింది. నీళ్లు ఒడ్డుకు తోసేశాయి. మళ్లీ దిగింది. మళ్లీ తోసేశాయి. మూడోసారి ఒక వెదురుబొంగు పట్టుకుని అవతల తేలింది.

అడవిదున్న అంతా విన్నది. పందికొక్కును ఆకుతో సహా రమ్మని కబురు పెట్టింది.

పందికొక్కు ఆకు పట్టుకుని దర్జాగా వచ్చింది. "ఈమెకు చదువు రాదయ్యా. ఎనిమిదో వరుస చూడండి. జరిమానా సంగతి అందులోనే ఉంది."

"చదువు రాదు, నిజమే. అయ్యా, నా పంజా ఎక్కడుందో చూడండి" అంది పోలమ్మ.

"ఏడో వరుస కింద" అంది అడవిదున్న.

"మరి ఎనిమిదోది?"

అడవిదున్న ఆకును దగ్గరికి తీసుకుని చూసింది. "నీ పంజాకు కింద."

"నేను ఒప్పుకున్నది నా పంజాకు పైన ఉంటుంది. కిందిదంతా ఈయనగారి సొంత కవిత్వం."

పందికొక్కు మీసాలు వాలిపోయాయి. అడవిదున్న మిగతావాళ్ల ఆకులు కూడా తెప్పించింది. అన్నిటిలోనూ అదే వరుస. కుందేలు తన ముద్రను వరుసలకు దూరంగా బాగా కిందికి వేసింది, మధ్యలో మిగిలిన ఖాళీలో ఇరికించి రాసేశారు.

"పోలమ్మ ఆకులో ముద్ర పడ్డాక చేర్చిన వరుసే ఇది, అంటే అన్నిటిలోనూ అలా చేర్చిందే. ఎవరివి ఎన్ని పట్టుకున్నావో అన్నీ తిరిగి ఇచ్చెయ్యి" అంది అడవిదున్న.

మర్నాడు ఉడుత పన్నెండు దుంపలూ లెక్కపెట్టి ఇచ్చింది. పోలమ్మ మళ్లీ లెక్కపెట్టుకుంది. ఒకటి పుచ్చితే మార్పించుకుంది.

పందికొక్కు గుమ్మం దాకా వచ్చి, "జరిగిందేదో జరిగింది. దుంపలు ఇక్కడే ఉంచుకో అవ్వా" అంది.

"ఇరవై ఆరూ సంచిలో వెయ్యరా" అంది పోలమ్మ ఉడుతతో. పందికొక్కు వైపు చూడలేదు.

కుందేలు రేగుపళ్ల మూట పట్టుకుని ఆమె వెనకే బయటికి నడిచింది. ఇప్పటికీ ఆ కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు పోలమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకునే వెళుతుంది.

నీతి: నువ్వు ఒప్పుకోని జరిమానాకు నువ్వు బాకీ లేవు, నీది నీకు రావాల్సి ఉంటే, సగం చేతిలో పెట్టి జాలి అన్నా తీసుకోకు, మొత్తం వచ్చేదాకా అడుగు.