శౌరమ్మ గడప

"మదర్, మా నాన్న రాసిచ్చిన పొలం వదిలేశాను. నగలు వదిలేశాను. చివరికి చెప్పులు కూడా వదిలేశాను. పేదరికపు వ్రతానికి నేను వదలాల్సింది ఇంకేం మిగిలింది?"

మఠంలో కొత్తగా చేరిన అనస్తాసమ్మ మదర్ ఇన్నాసమ్మగారిని ఇలా అడిగింది. అడిగిన వెంటనే చెప్పే అలవాటు మదర్‌కు లేదు. గోడకున్న జోలె తీసి చేతికిచ్చారు.

"ఆదివారం పేటలో బియ్యానికి నువ్వు వెళ్ళు."

మా పేటలో ప్రతి తల్లీ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి చిన్న మట్టి గురిగిలో వేస్తుంది. అది దేవుడి బియ్యం. ఆదివారం మఠం వాళ్ళు వచ్చి జోలెలో పోయించుకుంటారు. మఠంలో ఉన్న దిక్కులేని రోగులకు అదే గంజి. జోలె ఎవరి గడప దాటిపోతే వాళ్ళను గుడి వెలివేసినట్టు. ఎక్కడా రాసిలేదు గానీ మాకందరికీ తెలుసు. అనస్తాసమ్మకు తెలియదు.

ఆ ఆదివారం శౌరమ్మ గుడిసె చూసి ఆమె జాలిపడింది. మొగుడు పోయాక మిరపకాయల తొడిమలు తీస్తూ ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి. ఈమె దగ్గర కూడా తీసుకోవాలా? తల దించుకుని ముందుకు పోయింది. గురిగి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ శౌరమ్మ అలాగే ఉండిపోయింది.

మర్నాడు కుళాయి దగ్గర ఆడవాళ్ళు శౌరమ్మను చూసి బిందెలు ఎడంగా జరిపారు. నేనూ జరిపాను.

"ఊరికే దాటిపోతారా? ఏం చేసిందో!" అంది ఒకామె.

మూడో రోజుకు ఆమె పిల్లలతో మా పిల్లల్ని ఆడనివ్వలేదు.

సంగతి మదర్‌కు చేరింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె మఠం దాటి రెండేళ్ళయింది. బుధవారం మిట్టమధ్యాహ్నం ఒక చేత కర్ర, రెండో చెయ్యి అనస్తాసమ్మ భుజం మీద, మా వీధి పొడుగునా నడిచొచ్చారు. తిన్నగా శౌరమ్మ గడప మీద కూర్చున్నారు.

"శౌరమ్మా, ఆకలేస్తోంది. ఏం పెడతావు?"

"గోంగూర పచ్చడే ఉందమ్మగారూ."

"ఉల్లిపాయ లేదూ? అయితే నే లేచిపోతున్నా."

శౌరమ్మ ఏడుస్తూనే నవ్వింది. వీధి వీధంతా చూస్తుండగా గురిగిలో బియ్యం వండి సత్తు పళ్ళెంలో పెట్టింది. మదర్ తిన్నారు, మారు పెట్టించుకున్నారు. శౌరమ్మ ఇంకో పళ్ళెం నింపి అనస్తాసమ్మకు చాపింది.

"నాకొద్దు శౌరమ్మగారూ. పిల్లలకు ఉంచండి."

పళ్ళెం చాపిన చెయ్యి అలాగే ఆగింది. శౌరమ్మది మళ్ళీ ఆదివారం నాటి మొహమైంది. మదర్ చేతిలో ముద్ద నోటికి పోనివ్వకుండా అనస్తాసమ్మ వంక చూశారు, అంతే.

ఆమె మొహం ఎర్రబడింది. నేల మీద చతికిలబడి పళ్ళెం అందుకుంది. మొదటి ముద్ద మొహమాటంగా నమిలింది. తర్వాత ఆవురావురుమని తింది. ఖాళీ పళ్ళెం రెండు చేతులా చాపి, "ఇంకొంచెం పెట్టక్కా" అంది.

"పెట్టకేం! నా ఇంటికొచ్చి అర్ధాకలితో లేస్తారా ఎవరైనా?"

ఆ గొంతు వీధి చివరిదాకా వినబడింది. మేమంతా వినాలనే అంది. నేను ఇంట్లోకి పోయి ఉల్లిపాయ తెచ్చి ఆమె గడపలో పెట్టాను. శౌరమ్మ నా వంక చూసింది. తీసుకుంది. పిడికిలితో ఒక్కటిచ్చి చితక్కొట్టి ఇద్దరికీ పంచింది.

మదర్ కర్ర అందుకుని లేస్తూ అన్నారు:

"వదలాల్సింది ఇంకేం మిగిలిందని అడిగావుగా? ఇందాక పళ్ళెం చాపావే, అప్పుడే అదీ పోయింది, పద."