నిమిషం తప్పని గడియారం

దివాణంలో గొప్పలు తప్ప అన్నీ అమ్ముడుపోయాక, మా జమీందారుగారి పాత ఇంగ్లీషు బంగారు జేబు గడియారం బేరానికొచ్చింది.

"ముప్పై ఏళ్లలో ఒక్క నిమిషం తప్పలేదు," అన్నారాయన, పట్నం షావుకారుతో.

ఆయన పొలంలో కూలిచేసిన ముసలి గవరమ్మ ముందుకొచ్చింది. "బాబుగారూ, చీకటిపడ్డాక కూడా తమరు దాన్నే చూసి, 'ఇంకా అయిదే, కోత ఆపకండి' అనేవారు. తప్పింది గడియారమా, తమరా?"

ఊరంతా చూస్తోంది. జమీందారుగారు, "అది... కాస్త నెమ్మదిగా నడుస్తుందిలే," అన్నారు. షావుకారు వెంటనే ధర సగానికి దించాడు.

అన్నేళ్లూ నోరెత్తని మేమంతా అప్పుడు పగలబడి నవ్వాం. గవరమ్మ మాత్రం నవ్వలేదు.

"ఈ మాట ఆనాడే అడగాల్సిందర్రా," అంది. "నేను ఇల్లు చేరేసరికి రోజూ నా పిల్లలు నిద్రపోయేవారు. వాళ్ల కబుర్లు వినకుండానే పెంచేశాను."